కాయితం ఫోను

అట్టముక్కను ఫోనంత కత్తిరించి
పెన్సిల్‌తోటి తెరలు గీసింది నస్రీన్.
మొత్తం పదకొండు.
ఒకదాని మీదికెల్లి ఒకటి జరిపితే చాలు,
చార్జింగు లేకుంట నడిచే యాప్.
"మొదలు కాయితం మీద తప్పు చెయ్యండి,
అక్కడ తప్పు అగ్గువ" అన్నది ప్రసూన మేడం.

కాజీపేట హాస్టల్ల రాత్రి రెండింటిదాక
మా రైతును మేమే తయారుచేసుకున్నం:
వయసు నలభై ఐదు, రెండెకరాల మిర్చి,
స్మార్ట్‌ఫోను ఉంది, ఓపిక తక్కువ.
ఇంటర్నెట్ల దొరికిన తలపాగా ఫొటో ఒకటి
గోడకు అంటించి
మూడు వారాలు ఆయన కోసమే పనిచేసినం.
ఒక్కసారన్న ఆయన మమ్మల్ని కాదనలే.

ఎనుమాముల యార్డుకు పొద్దుగాల ఐదింటికి పోయినం.
గేటు దాటంగనే దగ్గు.
ఘాటు ముందు ముక్కును పట్టుకుంటది,
తర్వాత కండ్లను,
ఆ తర్వాత చదువుకున్నదాన్ని.
నా పట్టికల పద్నాలుగు ప్రశ్నలుండె,
మూడోదాని కాడ్నే చీదుకుంట కూసున్న.

బస్తాల నడుమ సద్ది తింటున్నది ఓదెమ్మ.
పరకాల అవతలికెల్లి రాత్రే వచ్చిందట,
ట్రాలీ కిరాయి ఇంకొకలతోటి పంచుకోని
పద్దెనిమిది బస్తాలు.
తలపాగా లేదు. నలభై ఐదు ఎప్పుడో దాటింది.
"ఏందిది బిడ్డా, పోరగాండ్ల ఆటనా?" అనుకుంటనే
చెయ్యి కొంగుకు తుడుచుకోని అందుకున్నది,
పాసుబుక్కు పట్టుకున్నట్టు, రెండు చేతులతోటి.

మొదటి తెర దాటింది. రెండోది దాటింది.
మూడోదాని కాడ ఆగింది.
"సమర్పించు" అని ఉందక్కడ.
"ఏం సమర్పియ్యాలె? కొబ్బరికాయనా?"
హమాలీ సాంబయ్య నవ్వు
కాంటా దాక ఇనొచ్చింది.
నేనూ నవ్విన. నవ్వినంక
ఆ మాట రాసింది నేనే అని యాదికొచ్చింది.
"మరి ఏమనాలె అవ్వా?"
"పంపు అను. పంపుతున్నమే గద."

ఆఖరి తెర మీద నాకు గర్వం.
సరుకు మంచిగుంటే పచ్చ చుక్క,
తేడా ఉంటే ఎర్ర చుక్క.
చౌరస్తల సిగ్నలు నేర్పిన పాఠం,
ఎవరు కాదంటరు?
ఓదెమ్మ పచ్చ చుక్క మీద వేలు పెట్టింది.
"నా కాయ ఎండలేదని ఎవడన్నడు?"
బస్తా మూతి ఇప్పి గుప్పెడు తీసి
నా నోట్‌బుక్కు మీద పోసింది.
ఒకటి ఇరిచింది. టప్పుమన్నది.
"ఇగో, ఎరుపు. ఈ ఎరుపు కోసమే
పదిహేను దినాలు కల్లంల బొర్లిచ్చి బొర్లిచ్చి,
మబ్బు పడితే పరదా కప్పి, మబ్బు పోతే తీసి..."
తాలుకాయ ఒకటి కండ్లబడి మాట ఆపింది,
ఏరి అవతల పారేసింది.

నేను ఎర్ర చుక్కను చూసిన.
దాని పక్కన "లోపం" అని నా చేతిరాత.
తలెత్తితే
షెడ్డు షెడ్డంత, దాని అవతలి రోడ్డంత
ఎర్రగ.

"ఇందుల జెండా పాట ఎంతున్నదో కనబడతదా?"
"ఇంక లేదు అవ్వా."
"మరి ఇంకేం సూపిస్తది?"

టోకెన్ కాడ వేలిముద్ర మిషన్
ఆమెను మూడుసార్లు వద్దన్నది.
వేలు తడిపి పెట్టింది, కొంగుకు రుద్ది పెట్టింది.
ఎనకకు తిరిగి, నాకే సంజాయిషీ ఇచ్చుకున్నట్టు
"మిషన్ మంచిదే బిడ్డా,
ఏరి ఏరి నా వేలే అరిగింది" అన్నది.
ఆ మాట రాసుకుందామని పెన్ను తీసిన,
ఏ ప్రశ్న కింద రాయాల్నో తెల్వలే.

రాత్రి హాస్టల్ల కాయితాలు వరుసగ పరిస్తే
తెర తెర మీద కారం మరకలు,
ఆమె తాకిన కాడల్లా.
మేం గీసిన బటన్ల మీద రెండో మూడో.
మిగిలినయన్ని పక్కలకు, మూలలకు,
మేం ఏమీ పెట్టని తెల్లజాగల.
తారీఖు కింద ఒక్కకాడ్నే నాలుగు పడ్డయి,
ధర ఉంటదనుకున్నదేమో.
గోడ మీది తలపాగాయన చల్లగ చూస్తున్నడు.
నస్రీన్ పెన్సిల్ చెక్కి
మరకల చుట్టు సున్నాలు చుడుతున్నది.
నేను కండ్లు నలుపుకున్న,
చేతులు కడగలేదన్న సంగతి మరిచి.